రెయిడ్‌కు మైక్ తప్పనిసరా? ఆన్‌లైన్ ఆటల్లో వాయిస్ చాట్ అవసరం ఎంతవరకు

ఆన్‌లైన్ ఆటల్లో రెయిడ్ బృందాలు కొత్త సభ్యుల కోసం ఇచ్చే ప్రకటనల్లో ఒక షరతు తరచుగా కనిపిస్తుంది: ‘మైక్ తప్పనిసరి’. ఆటలో ఎంత నేర్పు ఉన్నా, వారం వారం సమయానికి హాజరు కాగలిగినా, గొంతు వినిపించలేనివారికి ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుపోతుంది. వినికిడి లోపం ఉన్నవారు, ఇంటిల్లిపాదీ నిద్రపోయాక మాత్రమే ఆడుకునే వీలున్నవారు, బృందం మాట్లాడే భాష ధారాళంగా రానివారు, గొంతు వినపడగానే వెకిలి వ్యాఖ్యలు మొదలవుతాయని వెనుకాడే మహిళలు అలా బయట ఉండిపోతారు.

ఇంతకీ ఆ షరతు పెడుతున్నది ఆటా, బృందం అలవాటా? ఈ ప్రశ్నకు అన్ని ఆటలకూ వర్తించే ఒకే జవాబు లేదు. సమాచారం అందరి తెరలపైనా కనిపించే పోరాటాల్లో మాట లేకుండానే గెలవవచ్చు. ఒకరికి మాత్రమే కనిపించే విషయాన్ని మరొకరికి క్షణాల్లో చేరవేయాల్సిన పోరాటాల్లో మాత్రం గొంతుకు ప్రత్యామ్నాయం దొరకడం కష్టం. ఈ రెండింటి మధ్య తేడా తెలిస్తే, మైక్ షరతు ఎక్కడ న్యాయమో ఎక్కడ అనవసరమో తేల్చుకోవచ్చు.

రెయిడ్ అంటే ఏమిటి?

ఒక్కరు గాని, నలుగురైదుగురు గాని ఓడించలేని బలమైన ప్రత్యర్థిని పెద్ద బృందంగా కలిసి ఎదుర్కోవడమే రెయిడ్. ఆ ప్రత్యర్థిని ఆడేవారు ‘బాస్’ అంటారు. 2004 నవంబరులో విడుదలైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో తొలినాటి పెద్ద రెయిడ్‌కు 40 మంది కావలసి వచ్చేది. 2007లో వచ్చిన మొదటి విస్తరణతో కొత్త రెయిడ్లను 25 మందికి, 10 మందికి కుదించారు. అదే ఆటలో అత్యంత కఠినమైన ‘మిథిక్’ స్థాయికి 2014 నుంచి 20 మంది బృందం నిర్ణయమైంది. ‘ఫైనల్ ఫాంటసీ 14’లో సాధారణ రెయిడ్ బృందంలో 8 మంది, ‘గిల్డ్ వార్స్ 2’లో 10 మంది, ‘డెస్టినీ’లో 6 మంది ఉంటారు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, ఫైనల్ ఫాంటసీ 14 వంటి ఆటల్లో సభ్యుల మధ్య పని విభజన స్పష్టంగా ఉంటుంది. బాస్ దెబ్బలను తనమీదికి మళ్లించుకునేవారు ‘ట్యాంక్’. గాయపడినవారి ప్రాణశక్తిని నిలిపేవారు ‘హీలర్’. మిగిలినవారి పని బాస్‌ను దెబ్బతీయడం. పోరాటం సాగుతున్నంతసేపూ బాస్ కొత్త ప్రమాదాలను సృష్టిస్తూ ఉంటుంది. నేల మీద మంటలు లేస్తాయి, ఒక సభ్యుడికి శాపం తగులుతుంది, ఒక మూల నుంచి కొత్త శత్రువులు వస్తారు. కఠినమైన స్థాయిల్లో ఒక్కరు తడబడినా బృందమంతా నేలకూలి పోరాటాన్ని మొదటినుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు.

గొంతు ఎలా ప్రవేశించింది?

రెయిడ్లు వాయిస్ చాట్‌తో పుట్టలేదు. 1999లో వచ్చిన ‘ఎవర్‌క్వెస్ట్’లో పెద్ద పెద్ద బృందాలు అక్షరాలు టైపు చేసుకుంటూనే పోరాడాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో టీమ్‌స్పీక్, వెంట్రిలో వంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 2005లో మంబుల్ వాటికి తోడైంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోకి సొంత వాయిస్ సదుపాయం 2007లో వచ్చింది. 2015లో డిస్కార్డ్ ప్రారంభమయ్యాక వాయిస్ చాట్ పెట్టుకోవడం ఒక లింకు నొక్కినంత సులువైంది. అంతకుముందు పెద్ద గిల్డ్‌లు సర్వర్‌ను అద్దెకు తీసుకుని నడుపుకోవాల్సి వచ్చేది.

ఈ మార్పుకు మూలం చేతుల సమస్య. కంప్యూటర్‌పై ఆడేవారి ఒక చేయి కీబోర్డుపై, మరో చేయి మౌస్‌పై ఉంటుంది. సందేశం టైపు చేయాలంటే ఆట ఆపాలి. నిమిషానికి 40 పదాల వేగంతో టైపు చేసేవారికి 5 పదాల హెచ్చరిక రాయడానికి ఏడున్నర సెకన్లు పడుతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తొలి రెయిడ్‌లో బారన్ గెడన్ అనే బాస్ ఒక సభ్యుడిపై ‘లివింగ్ బాంబ్’ వేసేది. అది 8 సెకన్లలో పేలేది. ఆలోగా ఆ వ్యక్తి గుంపు నుంచి దూరంగా పరుగెత్తకపోతే పక్కనున్నవారికీ ముప్పే. హెచ్చరిక టైపు చేసి ముగించేసరికి పరుగుకు మిగిలేది అర సెకను. అదే పేరు పెట్టి పిలిస్తే ఒకటి రెండు సెకన్లు చాలు.

వేగం ఒక్కటే కాదు, బృందంలో సాన్నిహిత్యం కూడా గొంతుతో పెరుగుతుంది. డిమిత్రి విలియమ్స్, స్కాట్ కాప్లాన్, లీ జియాంగ్ అనే పరిశోధకులు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గిల్డ్‌లపై జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. అక్షరాలకు గొంతు కూడా తోడైన బృందాల్లో సభ్యుల మధ్య ఇష్టం, నమ్మకం పెరిగినట్లు ఆ అధ్యయనం గుర్తించింది. ఓటమి తర్వాత ఒకరు నవ్వుతూ ‘మళ్లీ ప్రయత్నిద్దాం’ అనడానికీ, అదే మాట తెరపై అక్షరాల్లో కనిపించడానికీ తేడా ఉందని రెయిడ్ ఆడిన ఎవరైనా ఒప్పుకుంటారు.

మాట లేకుండా గెలిచే చోట్లు

లివింగ్ బాంబ్ ఉదాహరణనే మరోవైపు నుంచి చూడవచ్చు. బాంబు ఎవరికి తగిలిందో ఆ సమాచారం ఆట దగ్గర ముందే ఉంది. ఆ వ్యక్తి తెరపై శాపం గుర్తు కనిపిస్తుంది. దాన్ని గమనించనివారి కోసమే మరొకరు అరవాల్సి వస్తుంది. ‘డెడ్లీ బాస్ మాడ్స్’ వంటి అదనపు ప్రోగ్రాములు చేసిన పని సరిగ్గా ఇదే. శాపం తగిలిన క్షణంలోనే తెర మధ్యలో పెద్ద అక్షరాలతో, శబ్దంతో హెచ్చరిక వచ్చేది. రెయిడ్ నాయకుడి గొంతు చేసే పనిలో పెద్ద భాగాన్ని అలా యంత్రం అందిపుచ్చుకుంది.

2011 నవంబరు చివరలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ‘రెయిడ్ ఫైండర్’ ప్రవేశించింది. ఒకరికొకరు పరిచయం లేని 25 మందిని కంప్యూటరే ఒక బృందంగా కూర్చి రెయిడ్‌కు పంపుతుంది. వారు ఉమ్మడి వాయిస్ ఛానల్‌లో చేరాల్సిన పని లేదు, ముందస్తు సమావేశం ఉండదు. అయినా బాస్‌లు ఓడిపోతూనే ఉన్నాయి. కారణం తేలికే: ఆ స్థాయిలో పొరపాటుకు పడే శిక్షను ఆట తగ్గించింది. కథ, బాస్‌లు దాదాపు అవే. తప్పును ఎంతవరకు సహించాలన్న కొలత మాత్రమే మారింది. వాయిస్ అవసరం రెయిడ్ అనే ప్రక్రియలో కాక దాని కాఠిన్యంలో ఉందని చెప్పడానికి ఇది మంచి నిదర్శనం.

ఫైనల్ ఫాంటసీ 14 మరో దారి చూపుతుంది. ఆ ఆటలో అంతర్గత వాయిస్ చాట్ లేదు. ఆట పక్కన బయటి ప్రోగ్రాములు నడపడాన్నీ దాని నిబంధనలు అనుమతించవు. అందువల్ల పని అంతా పోరాటానికి ముందే జరుగుతుంది. నేలపై అక్షరాలు, అంకెలతో గుర్తులు పెట్టుకునే వీలుంది. ఎవరు ఏ గుర్తు దగ్గర నిలబడాలో ముందుగా రాసి ఉంచుకున్న చిన్న పాఠాన్ని ఒక్క మీట నొక్కి అందరికీ పంపుతారు. అందరూ చదివి, తమ స్థానం ఖాయం చేసుకున్నాక పోరాటం మొదలవుతుంది. బాస్ దాడులు చాలావరకు నిర్ణీత క్రమంలో వస్తాయి కాబట్టి, నాటకంలో పాత్రధారులు తమ ప్రవేశాలు గుర్తుంచుకున్నట్లు సభ్యులు తమ కదలికలను గుర్తుంచుకుంటారు. అపరిచితులతో కూడిన బృందాలు కూడా ఇలా కఠినమైన పోరాటాలను మౌనంగా ముగిస్తుంటాయి.

భాష తెలియనివారికి కూడా ఈ పద్ధతి అనుకూలం. ఫైనల్ ఫాంటసీ ఆన్‌లైన్ ఆటల్లో సిద్ధంగా ఉంచిన పదబంధాల నిఘంటువు ఒకటి ఉంటుంది. ఒకరు అందులోంచి ఇంగ్లీషు పదబంధం ఎంచుకుంటే అవతలి జపాన్ ఆటగాడి తెరపై అది జపనీస్‌లో కనిపిస్తుంది. గొంతుకు అలాంటి వెసులుబాటు లేదు. మాట్లాడిన భాషలోనే అర్థం కావాలి, అదీ తొలిసారి వినగానే కావాలి.

గొంతు తప్పని చోట్లు

2014 సెప్టెంబరులో గేమ్ కన్సోళ్లపై విడుదలైన డెస్టినీ ఇందుకు పూర్తి భిన్నం. కన్సోల్‌పై ఆడేవారి చేతిలో కీబోర్డు ఉండదు. దాని తొలి రెయిడ్ ‘వాల్ట్ ఆఫ్ గ్లాస్’లో చివరి పోరాటం నడుమ బాస్ కొందరు సభ్యులను ఉన్నట్టుండి గతంలోకో, భవిష్యత్తులోకో నెట్టేస్తుంది. బయట మిగిలినవారు సరైన ద్వారాన్ని తెరిచి వారిని వెనక్కు రప్పించాలి. తాము ఏ కాలంలో పడ్డామో లోపలివారు చెబితేనే ఏ ద్వారం తెరవాలో బయటివారికి నిశ్చయంగా తెలుస్తుంది. ఎవరు వెళతారో, ఎటు వెళతారో ముందే తెలియదు. కాబట్టి కంఠస్థం చేసిన పాఠం పనికిరాదు, నేలపై పెట్టిన గుర్తు సరిపోదు. మాట్లాడుకోవడమే ఆ పోరాటంలో పరీక్ష.

ఇలాంటి సన్నివేశాలను ఆట రూపకర్తలు కావాలనే కూర్చుతారు. కొన్ని రెయిడ్లలో ఒక గదిలోని వ్యక్తికి కొన్ని చిహ్నాలు కనిపిస్తాయి, మరో గదిలోని వ్యక్తి వాటినే కాల్చాలి. ఇద్దరి మధ్య మాట వంతెనగా ఉండాల్సిందే. అటువంటి ఆటలో మైక్ కావాలని బృందం అడగడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

గొంతు నిజంగా అక్కరకు వచ్చే మరో సందర్భం, ఎవరూ ఇంకా గెలవని కొత్త బాస్‌ను ఎదుర్కోవడం. దాడుల క్రమం ఇంకా ఎవరికీ తెలియదు. ప్రతి ఓటమి తర్వాత ఏమి చూశామో కలబోసుకోవాలి, తర్వాతి ప్రయత్నానికి పథకం మార్చాలి. ఆ చర్చ టైపు చేస్తే గంటలు పడుతుంది. పథకం స్థిరపడ్డాక అదే బాస్‌ను వారం వారం ఓడించే దశలో మాటల అవసరం తగ్గిపోతుంది. తొలి నెలలో న్యాయమైన షరతు మూడో నెలకు కేవలం అలవాటుగా మిగలవచ్చు.

మాట ఉన్నంత మాత్రాన సరిపోదు

వాయిస్ ఛానల్‌కు తనదైన లోపం ఉంది. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే ఇద్దరి మాటా పోతుంది. తెరపై అక్షరాలు ఒకదాని కింద ఒకటి నిలుస్తాయి, గొంతులు ఒకదానిపై ఒకటి పడతాయి. దీని తీవ్రతను విమానయాన రంగం అత్యంత విషాదకరంగా తెలుసుకుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించారు. కంట్రోల్ టవర్ సందేశం, ఒక విమాన సిబ్బంది సందేశం ఒకే క్షణంలో రేడియోలో కలిసిపోవడంతో కీలకమైన మాట రెండో విమానానికి స్పష్టంగా చేరకపోవడం ఆ ప్రమాద కారణాల్లో ఒకటి. ఆ తర్వాత రేడియోలో వాడాల్సిన పదాలను మరింత కట్టుదిట్టం చేశారు. ఆటకూ ఆ దుర్ఘటనకూ పోలిక లేదు. ఛానల్ ఉంటే చాలదు, ఎవరు ఎప్పుడు ఏ మాట అనాలో ముందే కుదుర్చుకోవాలన్న సూత్రం మాత్రం రెండింటికీ వర్తిస్తుంది.

అందుకే అనుభవమున్న బృందాల్లో పోరాటం మొదలైతే ఛానల్ దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఒకరిద్దరే పిలుపులు ఇస్తారు. ఆ పిలుపులు ఒకటి రెండు పదాలకు మించవు. తెలుగు వాక్య నిర్మాణం ఇక్కడ ఒక సౌలభ్యం ఇస్తుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, దిశ ముందే వినిపిస్తుంది. ‘ఎడమకు జరగండి’ అన్న పిలుపులో మొదటి పదం వినగానే కాళ్లు కదులుతాయి. క్రియను వదిలేసి ‘ఎడమకు’ అని ఆపినా విభక్తి వల్ల అర్థం చెడదు. ‘లెఫ్ట్‌కి’, ‘వెనక్కి’ వంటి మాటలు అలాగే పనిచేస్తాయి. అయితే బృందంలో తెలుగు రానివారు ఒక్కరున్నా ఈ సౌలభ్యం పోతుంది. వివిధ రాష్ట్రాల వారు కలిసిన బృందాల్లో భాష ఏదైనా, పది పన్నెండు పదాల ఉమ్మడి జాబితా ముందుగా ఖరారు చేసుకోవడం ఉత్తమం.

నెట్‌వర్క్ ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుంది. సహజమైన సంభాషణకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉండడం మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు చెబుతుంది. ఖండాలు దాటి ఆడేటప్పుడు, సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట మాట ఆలస్యంగానో ముక్కలుగానో చేరుతుంది. ముక్కలైన పిలుపు కంటే తెరపై స్పష్టమైన గుర్తు మేలు.

షరతు వెలివేసేది ఎవరిని?

మైక్ షరతు పైకి అందరికీ సమానంగా కనిపించినా దాని భారం అందరిపైనా సమానంగా పడదు. జెఫ్రీ కుజ్నెకాఫ్, లిండ్సే రోజ్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో ‘హేలో 3’ ఆటలో ముందే రికార్డు చేసిన పురుష, స్త్రీ కంఠాలను వినిపించి ఇతరుల స్పందనలు నమోదు చేశారు. స్త్రీ కంఠానికి వచ్చిన ప్రతికూల వ్యాఖ్యలు పురుష కంఠానికి గాని, మౌనంగా ఆడినప్పుడు గాని వచ్చినవాటికి సగటున మూడు రెట్లు. ఇలాంటి వాతావరణంలో మైక్ ఆపేసి ఆడడం చాలామంది మహిళలకు ఆత్మరక్షణ.

వినికిడి, వాక్కు లోపాలు ఉన్నవారి సంగతి మరీ స్పష్టం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు సుమారు 50.7 లక్షల మంది, వాక్కు లోపం ఉన్నవారు సుమారు 20 లక్షల మంది. అమెరికాలో 2010 నాటి కమ్యూనికేషన్ల ప్రాప్యత చట్టం ఆటల్లోని సంభాషణ సదుపాయాలకూ వర్తిస్తుంది. వీడియో గేమ్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన మినహాయింపు 2018 డిసెంబరు 31తో ముగిసింది. మాటను అక్షరాలుగా, అక్షరాలను మాటగా మార్చే సదుపాయాలు అనేక ఆటల్లో కనిపించడానికి ఆ చట్టం ఒక కారణం.

గొంతు లేకుండా బంధాలు ఏర్పడవన్న వాదనకు నార్వే యువకుడు మాట్స్ స్టీన్ జీవితం సమాధానం. కండరాలు క్షీణించే డుషేన్ వ్యాధితో బాధపడిన ఆయన 2014లో 25 ఏళ్ల వయసులో మరణించారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ‘ఇబెలిన్’ అనే పాత్రగా ఆయన సంపాదించుకున్న స్నేహాల లోతు తల్లిదండ్రులకు ఆ తర్వాతే తెలిసింది. ఆయన ఆటలో టైపు చేసిన సంభాషణల ఆధారంగా తీసిన డాక్యుమెంటరీ 2024లో విడుదలైంది. ఆ స్నేహాలకు అక్షరాలే వాహకమయ్యాయి.

మధ్యే మార్గాలు

‘మైక్ తప్పనిసరి’ అన్న మాటలో వినడం, మాట్లాడడం అనే రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. 20 మంది బృందంలో మాట్లాడాల్సినవారు ముగ్గురు నలుగురే. మిగిలినవారు వింటే చాలు. ‘వినడం తప్పనిసరి, మాట్లాడడం ఐచ్ఛికం’ అని షరతును సవరిస్తే రాత్రిపూట మౌనంగా ఆడేవారికి, గొంతు వినిపించడం ఇష్టం లేనివారికి, మాట్లాడలేకపోయినా వినగలిగేవారికి తలుపు తెరుచుకుంటుంది. వినలేనివారికి తెరపై హెచ్చరికలు, నేలపై గుర్తులు, ముందస్తు పాఠం తోడుగా ఉంచాలి.

ఆట రూపకర్తలు కూడా దారులు వెతుకుతున్నారు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన ‘అపెక్స్ లెజెండ్స్’ రెయిడ్ ఆట కాకపోయినా, దానిలోని ‘పింగ్’ విధానం ఈ చర్చలో ముఖ్యమైనది. ఒక మీట నొక్కితే శత్రువు ఉన్న చోటు, వెళ్లాల్సిన చోటు సహచరుల తెరలపై గుర్తుగా వెలుగుతుంది, పాత్ర గొంతుతో ఆ సంగతి వినిపిస్తుంది. ప్రచురణ సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2021 ఆగస్టులో ఆ విధానంపై తనకున్న పేటెంటును ఇతర సంస్థలు కూడా ఉచితంగా వాడుకునేందుకు అనుమతించింది.

రెయిడ్ నాయకులు ప్రకటన రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. గెలుపుకు కావలసిన సమాచారం అందరి తెరలపైనా ఉందా, లేక కొందరికే కనిపిస్తుందా? బాస్ దాడులు ముందే తెలిసిన క్రమంలో వస్తాయా, ప్రతిసారీ మారతాయా? హెచ్చరికకు, కదలికకు మధ్య ఎన్ని సెకన్ల వ్యవధి ఉంది? సమాచారం కొందరికే కనిపించి, క్రమం మారుతూ, వ్యవధి స్వల్పంగా ఉంటే మైక్ అడగడం సబబే. మిగతా పోరాటాల్లో ఒక్క మీటతో పంపగల పాఠం, నేలపై గుర్తులు, పిలుపు ఇచ్చే ఒకరిద్దరు గొంతులు చాలు. బృందం ఆడేది మొదటి రకమో రెండో రకమో ప్రకటనలోనే రాస్తే, చేరాలా వద్దా అన్న నిర్ణయం చదివేవారే తీసుకోగలుగుతారు.